సోలార్ ఇంత చవకైతే మిగతావి ఎందుకు?

ప్రశ్న: మాది తాడిపత్రి, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే. సోలార్ కరెంటు ఇంత చవకయ్యాక పొగగొట్టాల దగ్గర కార్బన్ పట్టే ఖరీదైన యంత్రాలు ఎందుకు సార్? దేశం మొత్తానికి ఏది చవకో ఎలా లెక్కేస్తారు?
- డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆపాలంటే అదనంగా ఎన్ని రూపాయలు పడతాయో చూస్తారమ్మా. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి రోజుకు 5 గంటలు వెలిగించారనుకోండి, ఏడాదికి 90 యూనిట్లు మిగులుతాయి, మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి 60 కిలోలకు పైగా తగ్గినట్టే, బిల్లూ తగ్గుతుంది. అంటే టన్ను ఖర్చు మైనస్‌లోకి పోతుంది, ఖర్చు బదులు డబ్బే మిగులుతుంది. ఇలాంటివి వెంటనే చేసేయాలి.

సోలార్‌కు 2017 కడప పార్కు వేలంలో యూనిట్ 3 రూపాయల 15 పైసలే పలికింది, కానీ అది ఎండ ఉన్నప్పటి కరెంటు. రాత్రికి ముద్దనూరు ఆర్టీపీపీ థర్మల్ కేంద్రంలో బొగ్గు కాల్చాలి, లేదంటే పిన్నాపురం ప్రాజెక్టులో లాగా పగలు నీళ్లు పైకి తోడి సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీయాలి. ఆ ఖర్చు కూడా కలపాల్సిందే.

ఇక సిమెంటు. సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా అదే, ఫ్యాక్టరీ అంతా సోలార్‌తో నడిపినా అది ఆగదు. థర్మల్ కేంద్రాల బూడిద కలిపి క్లింకర్ (సున్నపురాయి కాల్చగా వచ్చే గడ్డలు, వాటినే పొడి చేసి సిమెంటు చేస్తారు) తగ్గించడం చవక, పీపీసీ అనే బూడిద కలిపిన సిమెంటు బస్తాల్లో అదే చేస్తున్నారు. మిగిలినదాన్ని గొట్టం దగ్గర పట్టాలంటే టన్నుకు వేల రూపాయలవుతుంది. అయినా 2070కి నెట్ జీరో, అంటే వదిలేదంతా తిరిగి పీల్చుకునేదానితో సరిపోవాలి అన్నాం, ఒకసారి కట్టిన ఫ్యాక్టరీ దశాబ్దాలు నడుస్తుంది, కాబట్టి ఆ పని ఇప్పుడే నేర్చుకోవాలి.

నన్ను బాగా బాధపెట్టేది మాత్రం బోరు మోటార్ల సంగతి. అనంతపురం జిల్లాలో అంత లోతు నుంచి నీళ్లు తోడే చోట తక్కువ కరెంటు తాగే మోటారు పెడితే దేశానికి లాభమే, కాగితం మీద చాలా చవక. కానీ రైతుకు కరెంటు ఉచితం, మిగిలే డబ్బు డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) పోతుంది, మోటారు కొనాల్సింది మాత్రం ఆయనే. వేరుశనగ పంట దెబ్బతిన్న ఏడాది ఎవరు కొంటారు చెప్పండి? ఆ మోటారు ఖర్చు డిస్కమే పెట్టుకోవాలి, మిగిలిన కరెంటు విలువలో రైతుకూ కొంత ఇవ్వాలి.