డబ్బు అడిగిన జర్నల్, కొనమన్న వ్యాసం, దొరకని తెలుగు పీడీఎఫ్

పరిశోధన, ప్రచురణలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పీహెచ్‌డీ చేస్తున్నాను. ‘1,800 కడితే మూడు రోజుల్లో పేపర్ వేస్తాం, ఐఎస్ఎస్ఎన్ ఉంది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7 పైనే’ అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. యూజీసీ గుర్తించిన జర్నళ్ల కేర్ జాబితా తీసేశారు కదా, ఇక ఏ జర్నల్ అయినా ఒకటేనా?
– పరిశోధక విద్యార్థి, నల్లగొండ

జవాబు: కట్టకండి. మూడు రోజుల్లో వేస్తామంటే మీ పేపర్‌ను ఎవరూ చదవరన్నమాట. నిపుణులకు పంపి, వాళ్ల అభిప్రాయాలు తెప్పించి, మీతో దిద్దించడానికి మామూలుగా నెలలు పడుతుంది.

ఐఎస్ఎస్ఎన్ పత్రికకు గుర్తింపు సంఖ్య, అంతే. మన దేశంలో దాన్ని ఢిల్లీలోని ఎన్ఐఎస్‌సీపీఆర్ కేంద్రం ఉచితంగా ఇస్తుంది, నాణ్యత చూసి కాదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఆ జర్నల్ వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె. అసలైనది క్లారివేట్ సంస్థ ఏటా ఇచ్చే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లోనే ఉంటుంది. అందులో పేరు లేని జర్నల్ 7 అన్నా 9 అన్నా అది సొంతంగా వేసుకున్న అంకె.

కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపిన యూజీసీ, కొన్ని ప్రమాణాలు సూచించి, ఎంపికను విద్యాసంస్థలకే వదిలింది. అంటే తనిఖీ ఇప్పుడు మీమీద, మీ గైడ్ మీద పడింది. అసలు జాబితాను గుడ్డిగా నమ్మే రోజులు ఎప్పుడూ లేవు. 2018 మేలో అప్పటి ఆమోదిత జాబితా నుంచి యూజీసీ 4,305 జర్నళ్లను ఒక్కసారే తొలగించింది.

తనిఖీ గంట పని. ముందు ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఆ సంఖ్య కొట్టి పత్రిక పేరు, దేశం, వెబ్‌సైట్ సరిపోతున్నాయో చూడండి. పేరున్న పాత పత్రిక పేరూ సంఖ్యా ఎత్తుకొని దొంగ సైట్ నడిపేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. తర్వాత పాత సంచికలోంచి ఒక వ్యాసం డీఓఐ, అంటే దాని శాశ్వత గుర్తింపు సంఖ్య, తీసుకోండి. అది 10తో మొదలవ్వాలి, డీఓఐ ఫౌండేషన్ సైట్‌లో కొడితే అదే వ్యాసం తెరుచుకోవాలి. సంపాదక వర్గంలో ఒకరికి, పత్రిక ఇచ్చిన చిరునామాకు కాకుండా ఆయన యూనివర్సిటీ పేజీలో ఉన్న చిరునామాకు మెయిల్ పెట్టండి. తన పేరు అక్కడుందనే తెలియనివాళ్లు ఉంటారు. ‘స్కోపస్ అనే అంతర్జాతీయ సూచీలో ఉన్నాం’ అంటే, ఏ సంవత్సరం దాకా ఉన్నారో కూడా చూడాలి.

డబ్బు అడిగిన ప్రతి జర్నలూ మోసం కాదు. ఓపెన్ యాక్సెస్‌లో పాఠకుడి దగ్గర పైసా తీసుకోకుండా రచయిత దగ్గర ఏపీసీ అనే రుసుము తీసుకునే మంచి పత్రికలున్నాయి. కానీ అవి సమీక్ష పూర్తయి, పేపర్ ఆమోదం పొందాకే అడుగుతాయి. ఓపెన్ యాక్సెస్ పత్రికల జాబితా అయిన డీఓఏజేలోని జర్నళ్లలో ఎక్కువ భాగం ఆ రుసుమూ తీసుకోవు. వెతికేటప్పుడు రుసుము లేనివే చూపమని ఎంచుకోవచ్చు.

ఇప్పటికే పేపర్ పంపేసి ఉంటే ఉపసంహరించుకుంటున్నట్టు ఈరోజే మెయిల్ పెట్టి, కాపీ దాచుకోండి. ఒకచోట అచ్చయిన పేపర్‌ను మంచి జర్నల్ తీసుకోదు. మీ కష్టం అక్కడే ఇరుక్కుపోతుంది.

ప్రశ్న: ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఫ్లోరైడ్ తొలగించే ‘నల్లగొండ టెక్నిక్’ మీద ఒక వ్యాసం తెరిస్తే డాలర్లలో కట్టమంటోంది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మాకు వర్తించదా?
– అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: తొలి దశలో వర్తించదు. జర్నళ్లను దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ కలిపి ప్రభుత్వమే కొనే ఈ పథకం 2024 నవంబరులో ఆమోదం పొందింది. దీనికి 2025 నుంచి 2027 వరకు సుమారు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ఇందులో ఉన్నాయి. కానీ ఇది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకే. పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఆ కోవలోవి. నల్లగొండ పేరు పెట్టుకున్న పద్ధతి గురించి మహబూబ్‌నగర్ టీచరే చదవలేకపోవడం అన్యాయం.

దారులు మాత్రం ఉన్నాయి. గూగుల్ స్కాలర్‌లో వ్యాసం పేరు కొట్టి, దాని కింద ఉండే ‘అన్ని వెర్షన్లు’ నొక్కండి. రచయిత తన సంస్థ ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టిన ఉచిత ప్రతి తరచూ అక్కడ దొరుకుతుంది. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే, ఉచిత ప్రతి ఉన్న వ్యాసం పేజీలో ఆకుపచ్చ తాళం కనిపిస్తుంది. రెండూ ఫలించకపోతే రచయితకే రాయండి. సారాంశం పేజీ అందరికీ తెరుచుకుంటుంది, మెయిల్ చిరునామా చాలాసార్లు అందులోనే ఉంటుంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలుండే శోధ్‌గంగ సైట్‌లోనూ వెతకండి. వ్యాసంలో చోటు చాలక వదిలేసిన పట్టికలు, కొలతలు వాటిలో పూర్తిగా ఉంటాయి.

ప్రశ్న: మా తెలుగు శాఖ పరిశోధన సంచికల పీడీఎఫ్‌లు కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టాం. వ్యాసం పేరు యథాతథంగా కొట్టినా గూగుల్‌లో రాదు. ఎందుకు?
– అధ్యాపకుడు, వనపర్తి

జవాబు: పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగుకు బదులు చుక్కలు, గీతలున్న రోమన్ అక్షరాలు వచ్చాయంటే అది అను లాంటి పాత డీటీపీ ఫాంట్. అందులో కంటికి ‘క’ కనిపించినా ఫైలు లోపల ఉండేది వేరే గుర్తు. గూగుల్ చదివేది ఆ గుర్తునే. ఏమీ కాపీ కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ.

పేజ్‌మేకర్ మూల ఫైలు ఉంటే దాని నుంచే అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చండి, పీడీఎఫ్ నుంచి వద్దు. మార్చే ముందు ఇంగ్లిష్ మాటలు, పాదసూచికలు విడిగా తీసి పెట్టుకోవాలి. కన్వర్టర్ వాటినీ అను అక్షరాలే అనుకొని పిచ్చి తెలుగు చేసేస్తుంది. తర్వాత ప్రూఫ్ చూసేటప్పుడు క్రావడి, క్ష, అంకెల మీద కన్నేయండి. మూల ఫైలు లేకపోతే స్కాన్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరవండి, తెలుగు అక్షరాలు గుర్తుపడుతుంది. పద్యాలు, శాసన పాఠాలు మాత్రం మాటమాటా సరిచూడాల్సిందే.

మళ్లీ పేజీలు కట్టేటప్పుడు ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. కొత్త పీడీఎఫ్‌నూ నోట్‌ప్యాడ్ పరీక్ష చేయండి, యూనికోడ్‌లోనూ ఒత్తులు తారుమారయ్యే సందర్భాలున్నాయి. అందుకే వ్యాసం పేరు, రచయిత, సారాంశం వెబ్ పేజీ మీద మామూలు అక్షరాల్లో ఉండాలి. సంచిక మొత్తం ఒకే పీడీఎఫ్ అయితే గూగుల్ స్కాలర్ వ్యాసాలను విడదీయలేదు. వ్యాసానికో పేజీ, 5 ఎంబీ మించని ఫైలు పెట్టండి.

ఇదంతా పద్ధతిగా జరగాలంటే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ వాడండి. సాఫ్ట్‌వేర్ ఉచితం, సర్వర్ ఖర్చు, అప్‌డేట్లు చూసే మనిషి మాత్రం కావాలి. ఆన్‌లైన్ ప్రతికి ఐఎస్ఎస్ఎన్ విడిగా తీసుకోవాలి. డొమైన్ కాలేజీ పేరు మీద, ఆఫీసు మెయిల్‌తోనే కొనండి. ఒక సారు సొంత ఖాతాతో కొంటే, ఆయన బదిలీ అయ్యాక రెన్యువల్ చేసేవాళ్లుండరు, సంచికలన్నీ ఒక్కరోజులో మాయమవుతాయి.

ప్రశ్న: అచ్చయిన నా పేపర్ పీడీఎఫ్‌ను రీసెర్చ్‌గేట్‌లో పెట్టవచ్చా?
– లెక్చరర్, సూర్యాపేట

జవాబు: మొదటి పేజీలో సీసీ బై లైసెన్స్ (రచయిత పేరు చెప్పి ఎవరైనా పంచుకోవచ్చనే అనుమతి) అని ఉంటే నిరభ్యంతరంగా పెట్టండి. లేకపోతే మీరు సంతకం చేసిన కాపీరైట్ ఒప్పందం చూడాలి. ప్రచురణకర్త కట్టిన పేజీలు పెట్టనివ్వకపోయినా, సమీక్ష తర్వాత మీరు చివరగా దిద్ది పంపిన వర్డ్ ఫైలును సంస్థ భాండాగారంలో చాలామంది పెట్టనిస్తారు, చాలాసార్లు 6 నుంచి 24 నెలల గడువు తర్వాత. జిస్క్ సంస్థ నడిపే ఓపెన్ పాలసీ ఫైండర్‌లో జర్నల్ పేరు కొడితే ఆ షరతులు కనిపిస్తాయి. పేపర్ అచ్చయిందని ఆ వర్డ్ ఫైలును మాత్రం చెరిపేయకండి.