రెండు కార్తీకాలు

చిట్టితల్లికి, పర్లాకిమిడి నుంచి మీ మేనత్త ఆశీస్సులు.

ఈ కార్తీకం నెలంతా పగలు ఉపవాసముండి రాత్రికే భోంచేసే నక్తం ఉంటావని, తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం చేస్తావని, ఫోను కట్టేసి మౌనం పడతావని మీ నాన్న చెప్పాడు. బ్యాంకు టెన్షన్‌తో నిద్ర ఉండటం లేదట, దేవుడి దగ్గరే మనశ్శాంతి దొరుకుతుందన్నావట. నిన్న కనపడ్డ వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

సంధ్యవేళ దీపం పెట్టు, నువ్వులనూనె చాలు. పగలు పాలు, పళ్ళు తీసుకో. గ్యాస్ట్రిక్ ఉన్నదానివి, సోమవారమైనా కటిక ఉపవాసం వద్దు. చన్నీళ్ళు పడకపోతే గోరువెచ్చగా పోసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

అన్నిటికంటే ముందు మీ పెరట్లో కుళాయి దగ్గర నాచు గీకించు. అక్కడ బల్బు పెట్టించు. మీ అత్తగారు చీకటితోనే లేస్తారు కదా. ఇదేం సలహా అనుకోకు, విను.

నాకప్పుడు ముప్ఫై ఏళ్ళు. పర్లాకిమిడి ఎప్పుడో 1936లోనే ఒడిశాలో కలిసింది గానీ మన ఇళ్ళలో పంచాంగం మారలేదు. పక్కింటి ఒడియా మావుసీకి కార్తీకం ఆశ్వయుజ పున్నమి మర్నాడే మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. మనకి దీపావళి మర్నాటి నుంచి అమావాస్య దాకా. ఆవిడ హబిష పట్టేది. ఒంటిపూట, అదీ పచ్చిబియ్యం, పెసరపప్పు, చేమదుంప, అరటికాయ, కాస్త నెయ్యి. ఆవిణ్ణి చూసి నాకు పంతం వచ్చింది. ఆవిడతో మొదలుపెట్టి మన అమావాస్యతో ముగిస్తాను, రెండు కార్తీకాలూ నావే అనుకున్నాను. 45 రోజులు. పుణ్యం మీద అంత ఆశ.

ఇంక ఇల్లంతా నా మడి చుట్టూ తిరగాల్సిందే. పిల్లాడు కొంగు పట్టుకుంటే కసిరేదాన్ని. పంచుక రోజులొచ్చాయి, ఏకాదశి నుంచి పున్నమి దాకా ఒడియావాళ్ళకి మరీ నిష్ఠగా ఉండే అయిదు రోజులు. మా అత్తగారికి ముందురోజు నుంచి జ్వరం. నేను మా ఏట్లో, మహేంద్రతనయలో మునిగి, తడిచీరతో వచ్చి, తులసికోట దగ్గర వత్తులు వెలిగిస్తున్నాను. గదిలోంచి "అమ్మా, కాసిని నీళ్ళు" అన్నారు. ఆవిణ్ణి ముట్టుకుంటే మళ్ళీ ఏటికి వెళ్ళాలి. "పది నిమిషాలు ఆగండి" అన్నాను. రెండోసారి పిలవలేదు. పిలవనందుకు నాకు హాయిగా అనిపించింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

తనే లేచి నూతి దగ్గరికి వెళ్ళారు. చీకట్లో నాచు మీద జారారు. తుంటి ఎముక విరిగింది.

కేక విని ముందు పరిగెత్తుకొచ్చింది మావుసీ. చేతులకి ఇంకా మురుజ ముగ్గు అంటుకునే ఉంది. నేల మీదే కూర్చుని అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పట్టింది. నేను దీపం దగ్గరే నిలబడిపోయాను. "మావుసీ, మీ వ్రతం" అన్నాను. నా నోట వచ్చిన మొదటి మాట అది! ఆవిడ తలెత్తకుండానే అంది: "జ్యేష్ఠ పున్నమికి 108 కుండల నీళ్ళు పోసుకున్నాక మా కాళియాకే, ఆ జగన్నాథుడికే జ్వరం వస్తుంది. పూరీలో 15 రోజులు దర్శనం ఆపి ఆయనకి మందులిచ్చి సేవ చేస్తారు. జ్వరం సంగతి ఆయనకి తెలీదా?"

అత్తగారు రెండేళ్ళు మంచం మీదే ఉన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ ఏడు కార్తీక అమావాస్య మర్నాడు, పోలి పాడ్యమికి, నేను ఏటికి వెళ్ళలేదు. మంచం పక్కన పళ్ళెంలో నీళ్ళు పోసి అరటిదొప్పలో దీపం వదిలాను. కథ ఆవిడే చెప్పారు. అత్తా, పెద్ద కోడళ్ళూ ఆర్భాటంగా నదికి వెళ్తే, ఇంటి చాకిరీలో ఉన్న చిన్న కోడలు పోలి రాలిన పత్తి ఏరి వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి దీపం పెడుతుంది. విమానం ఆ ఇంటికే వస్తుంది. ఏటా చెప్పుకునే కథే. ఆ రోజు ఆవిడ పాదాలు ఒత్తుతూ విన్నాను. నువ్వడిగే మనశ్శాంతి నాకు మొదటిసారి తెలిసింది ఆ తెల్లవారుజామునే. దేవుడికి ఏదో చేసి చూపించాలన్న ఆత్రం ఆ పూట నాలో లేదు.

అందుకే నీ మీద కోపం. ఫోను ఎందుకు కట్టేస్తావే? మీ అమ్మకి షుగరు, మీ నాన్న బీపీ మాత్ర మరిచిపోతాడు. పూజయ్యే దాకా మాట్లాడకు, కానీ ఫోను మోగితే ఎత్తు. పిల్లాడు మడిచీర పట్టుకుంటే విదిలించకు. మీ అత్తగారు పిలిస్తే జపం మధ్యలో ఆపి వెళ్ళు. ఎక్కడ ఆపావో ఆయనకి గుర్తుంటుంది.

తిడుతున్నానని బాధపడకు. నాలుగేళ్ళప్పుడు మా తులసికోట దగ్గర దీపం గాలికి ఆరిపోతోందని రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డావు. వేలు చురుక్కుమన్నా తియ్యలేదు. ఆ వేలికి వెన్న రాసింది నేనే. నీ మొండితనం తెలుసు కాబట్టే ఇంత భయం.

మీ నాన్న ఆదివారం బరంపురం వస్తున్నాడు. ద్వాదశికి ఉసిరికొమ్మ, దీపానికి ఆవునెయ్యి, కుళాయి దగ్గర తోమడానికి గట్టి బ్రష్షు పంపుతున్నాను. బల్బు పెట్టించిన రోజు నాకు ఫోన్ చెయ్యి.

మీ మేనత్త