థైరాయిడ్ గురించి ఫోన్లో చదివితే ల్యాబ్ నుంచి కాల్ వచ్చింది, సిమ్ కంపెనీ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మాది ఖమ్మం. మెడ దగ్గర కొంచెం వాపుగా ఉంటే థైరాయిడేమో అని ఫోన్లో వెతికి చదివాను. ఇంట్లో వైఫై లేదు, మొబైల్ డేటానే, అదీ ఇన్‌కాగ్నిటోలో. రెండ్రోజులు తిరక్కుండానే ఒక డయాగ్నస్టిక్ సెంటర్ నుంచి థైరాయిడ్ ప్యాకేజీ అని మెసేజ్, మర్నాడు ఫోన్ కూడా. ఇంట్లో ఎవ్వరికీ చెప్పలేదండి నేను. సిమ్ కంపెనీ వాళ్ళే మన డేటా అమ్ముకుంటున్నారని మా తమ్ముడు అంటున్నాడు. కేసు వేయొచ్చా? డబ్బులేమన్నా వస్తాయా?

జవాబు: వేయొచ్చమ్మా. కాకపోతే ఎవరి మీద వేయాలనేది మీ తమ్ముడు చెప్పినంత ఈజీ కాదు.

ముందు ఇన్‌కాగ్నిటో సంగతి. అది మీ ఫోన్లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది అంతే, మీ ఫోన్ ఇంకొకరు తీసి చూస్తే కనపడదు, సిమ్ కంపెనీకి దానితో సంబంధమే లేదు. మరి కంపెనీకి ఏం కనపడుతుందంటే, బస్సు కండక్టర్‌కి కనపడినంత. మీరు ఏ స్టాప్‌లో ఎక్కారు ఎక్కడ దిగారు ఎన్నింటికి అనేది తెలుసు, దిగి ఎవరింటికెళ్ళి ఏం మాట్లాడారో తెలీదు. అంటే ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ తాళం గుర్తుతో హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తున్నాయి కాబట్టి సైట్ పేరు కనపడుతుంది, అందులో మీరు టైప్ చేసిన మాటలు, చదివిన పేజీ కనపడవు. అలాగని అది చిన్న విషయమేం కాదు, నెలకి నాలుగుసార్లు ఎమ్‌ఎన్‌జే కాన్సర్ ఆస్పత్రి దగ్గర దిగే మనిషి గురించి కండక్టర్‌కి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా.

కంపెనీలు ఇలాంటివి చేయవా అంటే చేశాయి. అమెరికాలో వెరిజాన్ 2012 నుంచి కస్టమర్ చూసే తాళం లేని మామూలు హెచ్‌టీటీపీ పేజీల రిక్వెస్టుకి చాటుగా ఒక నంబర్ తగిలించి పంపేది, కుకీలు, అంటే సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి ఫోన్లో పెట్టే చిన్న ఫైళ్ళు, డిలీట్ చేసినా ఆ నంబర్ పోదు, దాన్ని పట్టుకుని యాడ్ కంపెనీలు మనిషిని గుర్తుపట్టొచ్చు. చివరికి 2016 మార్చిలో అక్కడి టెలికాం రెగ్యులేటర్‌తో 13.5 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకుంది. అంత పెద్ద కంపెనీకి అదొక లెక్కా అనుకోండి, అది వేరే విషయం.

ఇక మీ కేసు. స్క్రీన్ మీద యాడ్ రావడం వేరు, ఫోన్ రింగ్ అవడం వేరు. యాడ్‌కి మీ నంబర్ అక్కర్లేదు, బ్రౌజర్, యాప్‌లు చాలు. ఫోన్ చేయాలంటే నంబర్ కావాలి. సిమ్ కంపెనీ దగ్గర నంబర్ ఉంది నిజమే, కానీ ఇంకా చాలామంది దగ్గర కూడా ఉంది. పోయినేడు ఇలాగే ఒకాయన ఇన్సూరెన్స్ కాల్స్ గురించి నా దగ్గరికొచ్చాడు, నలభై స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసుకుని మరీ, సిమ్ కంపెనీని వదలనండీ అని. ఆయన ఫోన్ టేబుల్ మీద పెట్టి ఇద్దరం వెనక్కి వెతికితే ప్రీమియం ఎంతో చూడండి అనే పేజీలో ఈయనే నంబర్ కొట్టాడు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో మా పార్ట్‌నర్లకి ఇస్తాం అని ఉంది. కాబట్టి మీరూ ఒకసారి గుర్తు తెచ్చుకోండి, టెస్ట్ రేటు చూద్దామని ఎక్కడైనా నంబర్ ఇచ్చారా, ఏదైనా హెల్త్ యాప్ ఉందా అని.

ఇప్పుడు చట్టం. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ చెప్పింది, అది పట్టుకుని హైకోర్టులో రిట్, అంటే హక్కు కాపాడమని నేరుగా వేసే పిటిషన్, వేద్దాం అంటారు చాలామంది, ప్రైవేటు కంపెనీ మీద రిట్ నిలబెట్టడం కష్టం, ఆ ఆలోచన పక్కన పెట్టండి. ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ ఉంది, సున్నితమైన డేటాని కాపాడటంలో కంపెనీ నిర్లక్ష్యం వల్ల మీకు నష్టం జరిగితే పరిహారం అడగొచ్చు, అయిదు కోట్ల దాకా అయితే కోర్టుకి కాదు, రాష్ట్ర ఐటీ సెక్రటరీ ముందు వేయాలి. 2011 రూల్స్‌లో సున్నితమైన డేటా లిస్టులో ఆరోగ్య పరిస్థితి ఉంది, బ్రౌజింగ్ హిస్టరీ అనే మాట లేదు. ఆవిడ థైరాయిడ్ గురించి చదివింది, ఆవిడకి థైరాయిడ్ ఉందని మేమెక్కడ అన్నాం అంటాడు అవతలి లాయర్. నేనైనా అదే అంటాను.

అందరూ చెప్పే కొత్త చట్టం, 2023 నాటి డీపీడీపీ, అంటే మన సొంత డేటాని కాపాడే చట్టం, దానికి రూల్స్ 2025 నవంబర్లో వచ్చాయి కానీ అసలైన సెక్షన్లకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. అప్పట్నుంచి కన్సెంట్ ఎంత సులువుగా ఇచ్చారో అంతే సులువుగా వెనక్కి తీసుకోవచ్చు, నా డేటా ఎవరెవరికి ఇచ్చారు అని అడిగితే పేర్లు చెప్పాలి, నోటీసు తెలుగులో కావాలన్నా ఇవ్వాలి. ఫైను 250 కోట్ల దాకా ఉంది. బాగుంది కదా, కానీ ఆ ఫైను మొత్తం ప్రభుత్వ ఖజానాకి పోతుంది, మీకు రూపాయి రాదు, పైగా పరిహారం ఇచ్చే ఆ 43ఏ కూడా అదే చట్టంతో పోతుంది. నాకైతే ఇది అస్సలు నచ్చలేదు. ఇంకోటి, సిమ్ కంపెనీని మొత్తం డిలీట్ చేయమంటే చేయరు, కాల్ రికార్డులు, ఇంటర్నెట్ కనెక్షన్ వివరాలు కనీసం రెండేళ్ళు దాచాలని వాళ్ళ టెలికాం లైసెన్సులోనే షరతు ఉంది.

మీలాంటి వాళ్ళకి పనికొచ్చేది నా లెక్కలో కన్స్యూమర్ కమిషనే. 2019 చట్టం ప్రకారం కస్టమర్ నమ్మకంతో ఇచ్చిన సొంత వివరాలు వేరేవాళ్ళకి చెప్పడం అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీస్. టెలికాం కంపెనీల మీద అక్కడ కేసు నడవదు అని ఇదివరకు వాదించేవాళ్ళు, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నడుస్తుందని తేల్చేసింది. మీరుండే చోటే, ఖమ్మంలోనే వేసుకోవచ్చు, మీరు కట్టే రీఛార్జ్ లెక్కన ఫీజు కూడా ఉండదు, రెండేళ్ళలోపు వేయాలి.

కానీ సాక్ష్యం? అందుకే నేను చెప్పేదేంటంటే ముందు పట్టుకోవాల్సింది సిమ్ కంపెనీని కాదు, ఫోన్ చేసినవాణ్ణి. నా నంబరు, నాకు థైరాయిడ్ టెస్ట్ అవసరమన్న సంగతి మీకెవరిచ్చారు అని ఆ డయాగ్నస్టిక్ సెంటర్‌కి మెయిల్ పెట్టండి, వాట్సాప్ కాదు, మెయిల్ లేదా రిజిస్టర్డ్ పోస్ట్. ఫలానా ఏజెన్సీ నుంచి లిస్టు కొన్నాం అని ఒక్క ముక్క రాసినా మనకి దారి దొరికినట్టే, ఏమీ రాయకపోయినా ఆ మౌనం కేసులో పనికొస్తుంది. మెసేజ్ డిలీట్ చేయకండి, పంపినవాడి పేరు చివర పీ అని ఉందేమో చూడండి, ఉంటే అది ప్రమోషనల్ అని వాళ్ళే ఒప్పుకున్నట్టు.

సిమ్ కంపెనీకి కూడా కంప్లైంట్ పెట్టండి, డాకెట్ నంబర్, అంటే కంప్లైంట్‌కి వాళ్ళిచ్చే నంబర్, తప్పకుండా రాసుకోండి, జవాబు నచ్చకపోతే వాళ్ళ అప్పిలేట్ అథారిటీకి వెళ్ళొచ్చు. మన టెలికాం రెగ్యులేటర్ ట్రాయ్‌కి రాస్తే లాభం లేదు, విడి విడి కంప్లైంట్లు వాళ్ళు తీసుకోరు. అలాగే కంపెనీ యాప్ తెరిచి ప్రైవసీ అనో ప్రిఫరెన్సెస్ అనో ఉన్నచోట ఆఫర్ల కోసం డేటా వాడుకోవచ్చు అన్న బటన్ ఆన్‌లో ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఆ తర్వాతే ఆఫ్ చేయండి. సిమ్ తీసుకున్న రోజు మీరు వేలిముద్ర వేస్తుంటే షాపులో కుర్రాడే టకటకా అన్నీ ఓకే కొట్టేసి ఉంటాడు, మనందరికీ జరిగిందే.

మెసేజ్ ఏ తేదీన వచ్చిందో మీరు రాయలేదు. స్పామ్ కంప్లైంట్‌కి వారం రోజులే టైం, ఇంకా దాటకపోతే ఇది చదివిన వెంటనే 1909కి కొట్టండి. ఆ కంప్లైంట్ నంబరు, డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్ళ జవాబు చేతికొచ్చాక మళ్ళీ రాయండి, నోటీసు ఎవరి పేరు మీద ఇవ్వాలో అప్పుడు చెప్తాను. ఈలోపు ఆ మెడ వాపు డాక్టర్‌కి చూపించుకోండమ్మా.