ఇంకెన్నాళ్లే ఈ పరుగు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విశాఖపట్నంలో బ్యాంకు ఆఫీసర్‌ని. రెండో కాన్పుకి ముందు వారానికి 45 కిలోమీటర్లు పరుగెత్తేదాన్ని. హాఫ్ మారథాన్ 2 గంటల 14 నిమిషాల్లో పూర్తి చేశాను. ఇప్పుడు పాప మూడో తరగతి, బాబుకి రెండేళ్లు. మూడు నెలల కిందట మళ్లీ మొదలుపెట్టి రెండు నెలలు వారానికి 12 కిలోమీటర్ల దగ్గరే ఉన్నాను. తర్వాత ఒక్క నెలలో 34కి వచ్చాను. ఇప్పుడు కుడికాలి ముందు ఎముక నొప్పి పెడుతోంది. ఈసారి నేవీ మారథాన్‌లో హాఫ్ పరుగెత్తి తీరాలని నా పట్టుదల. కాన్పు నుంచి అమ్మ నా దగ్గరే ఉంది కాబట్టి పిల్లలతో ఇబ్బంది లేదు. నాన్న తెనాలిలో ఒక్కరే ఉంటారు, ఇంటి పక్కనే కర్రీ పాయింట్ ఉంది. మా వారు మంచివారే, నా పరుగుకి అడ్డు చెప్పరు. అడ్డల్లా అమ్మే. తెల్లవారుజామున నేను బూట్లు వేసుకుంటుంటే 'ఇంకెన్నాళ్లే ఈ పరుగు?' అంటుంది. ఆ మాటతో మూడ్ అంతా పోతుంది. మైలేజీ ఎలా పెంచుకోవాలి? అమ్మకి ఎలా నచ్చజెప్పాలి?
ఒక రన్నర్, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంటే కుదించి వేశాను. అందులో మీ హాఫ్ మారథాన్ సమయం సెకన్లతో సహా ఉంది. కొత్త బూట్ల ధర ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు మీ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో ఉంది. మీ అమ్మగారి వయసు మాత్రం ఎక్కడా లేదు. ఆవిడ మోకాళ్ల నొప్పుల ప్రస్తావన ఒక్కసారి వచ్చింది. అది కూడా 'మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఉంది కాబట్టి సమస్య లేదు' అని చెప్పడానికి.

మైలేజీ సంగతి ముందు తేల్చేస్తాను, అది చిన్న విషయం. నెలలో 12 నుంచి 34కి ఎగబాకడం తొందరపాటు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకకీ స్నాయువుకీ నెలలు పడుతుంది. ఊపిరి బాగా ఆడుతోంది కదా అని మీరు పెంచుకుంటూ పోయారు, కాలు మొరాయించింది. ఆ ఎముకని వేలితో నొక్కి చూసుకోండి. ఒకే చోట చురుక్కుమన్నా, మామూలుగా నడిచినా నొప్పి వస్తున్నా, రాత్రి పడుకున్నాక కూడా సలుపుతున్నా పరుగు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోండి. అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే భారానికి ఎముకలో వచ్చే సన్నటి పగులు అయితే, తొలి రోజుల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ బూట్లు తొడిగేసుకోకండి. పనిలో పనిగా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు కూడా చేయించుకోండి. రెండు కాన్పులయ్యాక ఒంట్లో ఇనుము ఎంతుందో చూసుకోకుండా పరుగు లెక్కలు వేసుకోవడం దండగ. తుమ్మినప్పుడో దిగుడులో పరుగెత్తినప్పుడో మూత్రం చుక్క పడుతుంటే, పిల్లలు పుట్టాక అంతేలే అని ఊరుకోవద్దు. దానికి ఫిజియోథెరపీ ఉంది.

అరగంట చకచకా నడిచినా నొప్పి లేదనుకున్నాక మళ్లీ మొదలుపెట్టండి. వారానికి మూడే రోజులు, రోజు విడిచి రోజు. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ వెళ్లగలిగినంత వేగం చాలు. మూడు వారాలు కొంచెం కొంచెం పెంచి, నాలుగో వారం తగ్గించండి. మధ్యలో ఒకటి రెండు రోజులు గోడ పట్టుకుని మడమలెత్తే వ్యాయామం చేయండి. నేవీ మారథాన్‌లో ఈసారికి హాఫ్ వద్దు, 10 కిలోమీటర్లకి పేరివ్వండి. ఆర్కే బీచ్ ఎక్కడికీ పోదు.

ఇక అసలు విషయం. 'నాలుగున్నరకి అలారం లేకుండానే అమ్మ లేస్తుంది. నాకు రాగిజావ కాస్తుంది, బాబు ఏడిస్తే ఎత్తుకుంటుంది, పాపకి జడలు వేసి బాక్సు కడుతుంది' అని మీరే రాశారు. ఏడింటికి మీ వారు లేచి హాల్లో పేపరు పట్టుకుంటే, ఆవిడ వంటింట్లోకి వెళ్లి స్టూలు మీద కూర్చుంటారట. ఆయన స్నానానికి వెళ్లేదాకా బయటికి రారట. 'అమ్మవి పాత పద్ధతులు' అని ఆ వాక్యం చివర నవ్వు బొమ్మ వేశారు. నాకు నవ్వు రాలేదు. అల్లుడి ఇంట్లో అత్తగారు ఎలా ఉంటారో మీకు నేను చెప్పాలా? రెండేళ్లుగా ఆ మనిషి కాళ్లు చాపుకుని టీవీ చూసి ఉండరు.

ఆవిడ మాటని మీరు సరిగ్గా రాశారు గానీ సరిగ్గా వినలేదు. 'పరుగెందుకే' అనలేదు. 'ఇద్దరు పిల్లల తల్లివి, నీకిప్పుడు ఇదేంటి' అనలేదు. 'ఇంకెన్నాళ్లే' అన్నారు. ఆవిడ తేదీ అడుగుతున్నారు, తల్లీ. నేను ఇంటికెప్పుడు వెళ్లాలి అని అడగడం ఏ తల్లికీ చేతకాదు. అందుకని మీ పరుగు పేరు పెట్టి అడుగుతున్నారు. మీరేమో దాన్ని నిరుత్సాహపరచడం అనుకుని నచ్చజెప్పే దారి వెతుకుతున్నారు.

మా అమ్మ కూడా నా రెండో కాన్పుకి వచ్చి ఎనిమిది నెలలు ఉండిపోయింది. ఒకరోజు ఇల్లు తుడుస్తూ మంచం కింద చూస్తే ఆవిడ సంచి కనిపించింది. చీరలు మడతపెట్టి, మందుల డబ్బా పైన పెట్టి, జిప్పు వేసి ఉంది. ఎప్పటి నుంచి అలా సర్ది పెట్టుకుందో అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. మీ అమ్మగారి సంచి ఎక్కడుందో ఈ రాత్రి ఒకసారి చూడండి.

నా అభిప్రాయం ఇది, కటువుగా ఉంటే ఉండనీయండి. కూతురికి పురుడు పోయడం తల్లి బాధ్యత. మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా ఆ బాధ్యత ఉంటుంది. ఆ తర్వాత ఆవిడ మీ ఇంట్లో ఉన్న ప్రతి రోజూ మీరు బాకీ పడుతున్నట్టే. ఆరోగ్యం కోసం పరుగెత్తుతున్నానని రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల మితమైన వ్యాయామం చేయమని చెప్పింది మీ వయసు వాళ్లకే కాదు, 65 దాటిన వాళ్లకి కూడా. పైగా వాళ్లు తూలిపడకుండా కాళ్ల బలానికీ నిలకడకీ వారానికి మూడు రోజులు ప్రత్యేకంగా చేయాలంటుంది. ఈ రెండేళ్లలో మీ అమ్మగారికి ఆ 150 నిమిషాలు ఏ వారంలో దొరికాయి? బీచ్‌కి కూతవేటు దూరంలో ఉన్నారు కదా, ఆవిడ ఇసుకలో కాలు పెట్టి ఎన్నాళ్లయింది?

మీ వారు మంచివారేనంటున్నారు, నేనూ కాదనను. కానీ అడ్డు చెప్పకపోవడం వేరు, లేచి పిల్లాడిని ఎత్తుకోవడం వేరు. ఆయన ఏడింటిదాకా పడుకోగలుగుతున్నారంటే నాలుగున్నరకి మరొకరు లేస్తున్నారు కనుకే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీ అమ్మ అడక్కుండానే పెడుతోంది. అందుకే ఆయన్ని అడగాల్సిన అవసరమే మీకు రాలేదు. అడిగితే ముఖం మాడ్చుకుంటారేమోనని మీ భయం. ముఖం మాడితే మాడనీయండి, ఇద్దరు పిల్లల తండ్రి వారానికి మూడు పొద్దులు ఐదింటికి లేస్తే ఏమీ కాదు. మొదటి వారం పాప జడలు వంకరగా వస్తాయి. స్కూల్లో ఎవరూ పట్టించుకోరు.

పగలు బాబుని ఎవరు చూస్తారని అడుగుతారు. రెండు జీతాలు వచ్చే ఇల్లు మీది. మంచి క్రెష్ చూసి చేర్పించండి, లేదా నమ్మకమైన ఆయాని పెట్టుకోండి. ఖర్చవుతుంది. ఇన్నాళ్లూ ఆ ఖర్చు మీ నాన్నగారు కర్రీ పాయింట్‌లో కట్టారు. ఆయనకి షుగరుందని మూడో పేజీలో రాశారు. ఆ కూరల్లో ఏ నూనె ఎంత పోస్తారో మీరూ ఊహించగలరు.

క్రెష్ కుదరడానికి, పిల్లాడు అలవాటు పడడానికి నెల వేసుకోండి. ఆ తర్వాతి తేదీకి ఇప్పుడే టికెట్టు తీసి అమ్మగారి చేతిలో పెట్టండి. 'నువ్వు ఉంటానంటే ఉండమ్మా' అనకండి. అంటే ఉండిపోతారు. కాలు ఎలాగూ నొప్పిగా ఉంది కాబట్టి ఈ ఆదివారం లాంగ్ రన్ మానేసి, ఆవిడతో కలిసి బీచ్ రోడ్డు మీద నడవండి. తెల్లవారుజామున బండ్లు ఉండవు, ఆవిడ అడుగు ఎంత నెమ్మదిగా పడితే మీదీ అంతే నెమ్మదిగా పడాలి. వాచీ ఇంట్లో వదిలేసి వెళ్లండి. బాబు ఆ గంటన్నర వాళ్ల నాన్న దగ్గర ఉంటాడు.

టికెట్టు తీయగానే తెనాలికి ఫోన్ చేసి మీ నాన్నగారికి చెప్పండి. రెండేళ్లుగా ఒంటరిగా ఉన్న మగమనిషి ఇల్లు. ఆవిడ వచ్చేలోపు వంటిల్లయినా కడిగించుకోవాలి కదా.