బిడ్డకి పాలిస్తున్నాం కదా, కడుపు రాదులే అనుకోకు

అమ్మలూ,

నువ్వూ పిల్లా కులాసాయే కదా. మొన్న ఫోన్లో అడగబోయి సగంలో ఆపేశావు. పక్కన ఎవరో ఉన్నారని అర్థమైంది. అందుకే వాట్సాప్‌లో ఉత్తరంలా రాసి పెడుతున్నాను, పిల్ల పడుకున్నాక చదువుకో.

"పాలిచ్చినన్నాళ్లూ కడుపు రాదు, టెన్షన్ పడకు" అన్నారట మీ అత్తగారు. ఆవిడ మాట ఉత్త అబద్ధమేమీ కాదు. బిడ్డ అస్తమానం చీకుతుంటే తల్లి ఒంట్లో అండం విడుదల కావడం ఆగుతుంది. కాకపోతే దానికి మూడు షరతులున్నాయి. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు. నీకు నెలసరి మళ్లీ మొదలవకూడదు. బిడ్డకి తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకుండా, రాత్రీ పగలూ అడిగినప్పుడల్లా ఇవ్వాలి. పగలు 4 గంటలు, రాత్రి 6 గంటలకి మించి ఎడం రాకూడదు. ఈ మూడూ కుదిరితే ఆరు నెలల్లో నూటికి ఇద్దరికి మించి గర్భం రాదు. ఒక్కటి తప్పినా ఆ ధీమా వదులుకోవాల్సిందే.

పాలకొండ వైపు ఏఎన్‌ఎంగా తిరిగిన రోజుల్లో నేను ఎక్కువగా చూసింది మూడో షరతు దగ్గర తప్పడమే. గుమ్మంలో అడిగితే "తల్లిపాలేనండీ" అంటారు. లోపలికెళ్తే గూట్లో ఉగ్గుగిన్నె, దాని అడుగున పంచదార నీళ్ల జిగురు, పక్కనే గ్రైప్‌వాటర్ సీసా. ఎండలకి పిల్ల నోరెండుతుందని చెంచాడు నీళ్లు, విరేచనం అవ్వలేదని చుక్క ఆముదం. తల్లిపాలలో చాలావరకు నీళ్లే కదా, రోహిణి కార్తెలో కూడా వేరే నీళ్లు అక్కర్లేదు. ఆ చెంచాలతో పిల్ల కడుపు నిండితే చీకడం తగ్గుతుంది. అటు పిల్లకి రోగం, ఇటు తల్లికి మళ్లీ కడుపు.

ఇక నీ సంగతి. వచ్చే నెల నుంచి స్కూలుకి వెళ్తానంటున్నావు. రాజాంలో పొద్దున్నే బస్సెక్కి మధ్యాహ్నం మూడున్నరకి ఇల్లు చేరితే 4 గంటల లెక్క అక్కడే పోయింది. పాలు పిండి పెట్టి వెళ్లు, పిల్లకి అదే మంచిది. కానీ కడుపు రాకుండా ఆపడంలో అది బిడ్డ చీకినంత గట్టిగా పనిచెయ్యదు.

ముట్టు రాలేదు కదా అని కూడా కూర్చోకు. ముందు అండం విడుదలై, ఆ తర్వాత ముట్టు రావచ్చు. అంటే మొదటి ముట్టు చూడకుండానే నీళ్లోసుకోవచ్చు. అలాంటి తల్లులు "ఇదెలా?" అని నా మొహం కేసి చూసేవాళ్లు. రెండు నెలలు దాటాక వరసగా రెండు రోజులు ఎర్ర కనిపించినా నెలసరి మొదలైనట్టే లెక్కేసుకో.

కడుపుతో ఉన్నామె పాలు విషమై పెద్దబిడ్డకి పడవంటారు, అదీ నిజం కాదు. పాలు తగ్గొచ్చు, రుచి మారొచ్చు. పథ్యం పేరు చెప్పి పప్పూ కూరా మాన్పిస్తే మాత్రం ఊరుకోకు, పాలిచ్చే ఒంటికి మామూలు కంటే ఎక్కువ తిండి కావాలి. పాలు చాలట్లేదని ఎవరన్నా డబ్బా పాలు తెస్తే ముందు ఉచ్చగుడ్డలు లెక్కపెట్టు. రోజుకి ఆరు తడుపుతూ బరువు పెరుగుతుంటే చాలుతున్నట్టే.

మరో కాన్పు కావాలన్నా కనీసం రెండేళ్లు ఆగి నెల తప్పితే నీ ఒంటికి మంచిది. అందాకా కడుపు రాకుండా అంతర ఇంజెక్షన్ ఉంది, మూడు నెలలకి ఒకటి. బీపీ చూసే ఇస్తారు. ఛాయ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. కాపర్‌టీ కూడా వేయించుకోవచ్చు. వీటివల్ల పాలు తగ్గవు, ప్రభుత్వాసుపత్రిలో ఇవన్నీ ఉచితం. రోజూ వేసుకునే మాల-ఎన్ గర్భనిరోధక బిళ్లలు మాత్రం పిల్లకి ఆరు నెలలు నిండేదాకా వద్దు.

అత్తగారితో వాదన పెట్టుకోకు, ఏఎన్‌ఎం చెప్పిందను చాలు. పద్నాలుగు వారాల టీకాకి బుధవారం ఎలాగూ వెళ్తావు, అక్కడి ఏఎన్‌ఎంని పక్కకి పిలిచి అడుగు. అంతవరకూ నిరోధ్ వాడండి. పైడిభీమవరంలో షిఫ్టు దిగొచ్చాక మీ ఆయనకి కూడా ఇది చదివించు, సిగ్గుపడకు.

మీ పెద్దమ్మ