గుర్రం దగ్గరకు వెళ్లగానే తమ్ముడు బిగుసుకుపోతుంటే

తప్పు గుర్రానిది కాదు, తొందరది. రోడ్డు ప్రమాదం నుంచి కోలుకుంటున్న మీ తమ్ముణ్ని గుర్రాల సాయంతో చేసే మానసిక చికిత్స కోసం బెంగళూరు శివార్లకు తీసుకెళితే, మొదటి వారమే జీను ఎక్కించారని రాశారు. అది సవారీ శిక్షణ, చికిత్స కాదు. 1999లో అమెరికాలో మొదలైన ఈగాలా అనే గుర్రాల చికిత్స పద్ధతిలో పని అంతా నేల మీదే, ఎవరూ గుర్రం ఎక్కరు.

1. జీను పక్కన పెట్టించండి.

2. అందరూ దాటవేసేది ఇదే: ముందు కంచె బయట నిలబడి చూడటం. వేటకు గురయ్యే జంతువు కాబట్టి గుర్రం మనిషి ఒంట్లోని బిగువును ఇట్టే పసిగడుతుంది. చెవులు వెనక్కి అతుక్కుపోతే దూరం జరగాలి. తల దించి, ఒక వెనక కాలు సడలించి నిలబడితే కుదుటపడినట్టు. అప్పుడు కూడా భుజం వైపు నుంచే వెళ్లాలి. నుదుటికి సరిగ్గా ముందు, తోక వెనక ఉన్నది దానికి కనిపించదు. గుర్రం మెడ మీద చెయ్యి ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదలమని తమ్ముడికి చెప్పండి. వెనక్కి వచ్చేస్తానంటే రానివ్వండి, బతిమాలవద్దు.

3. శిక్షకుడితోపాటు మానసిక చికిత్సకులు అక్కడ ఉంటారా అని అడగండి. లేకపోతే మానేయండి, డబ్బు దండగ.

నిమ్హాన్స్ (బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ) వైద్యులు రాసిన మందులు మాత్రం ఆపవద్దు. రాత్రిళ్లు మరీ కష్టమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.