అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యమిచ్చే మాజీ నిఘా అధికారులు ఏ పని చేసి వచ్చినవారు? వారి మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

వాషింగ్టన్‌లో చదువుకునే రోజుల్లో ఒక విధాన పరిశోధన సంస్థలో సహాయకుడిగా పనిచేశాను. కాంగ్రెస్ కమిటీ విచారణ ఉందంటే సాక్షుల ఉద్యోగ చరిత్ర చదివి, మా పై అధికారికి ఒక పేజీలో రాసివ్వడం నా పని. మీ ప్రశ్నకు ఆ అనుభవంతోనే జవాబు చెబుతున్నాను: వీరందరినీ ఒకే గాటన కట్టకండి. సాక్షి ఏ కుర్చీలో కూర్చున్నారు, ఆ కుర్చీ నుంచి ఏం కనిపిస్తుంది, ఏ సంవత్సరంలో లేచి వచ్చేశారు అన్నది చూసి అంతవరకే నమ్మండి.

'మాజీ సీఐఏ అధికారి' అనగానే మారుపేరుతో దేశాలు తిరిగిన మనిషిని ఊహించుకుంటాం. కానీ సాక్షుల బల్ల దగ్గరికి వచ్చేవారిలో విశ్లేషకులు ఎక్కువగా కనిపిస్తారు. అంటే ఇతరులు పంపిన సమాచారాన్ని చదివి, దాని అర్థం ఇదీ అని పైవాళ్లకు రాసేవారు. మైకేల్ మోరెల్‌నే తీసుకోండి. ఆర్థికశాస్త్రం చదివి 1980లో సీఐఏలో విశ్లేషకుడిగా చేరారు. 2001 సెప్టెంబర్ 11న అధ్యక్షుడు బుష్ వెంట ఫ్లోరిడాలో ఉన్నారు. రోజూ ఉదయం అధ్యక్షుడికి నిఘా సమాచారం వివరించే బాధ్యత అప్పట్లో ఆయనదే. 2013లో డిప్యూటీ డైరెక్టర్‌గా ఉద్యోగం విడిచి, 2014 ఏప్రిల్ 2న లిబియాలోని బెంఘాజీలో అమెరికా కార్యాలయంపై జరిగిన దాడి విషయమై ప్రతినిధుల సభ నిఘా కమిటీ ముందుకు వచ్చారు.

2012లో రాయబారి క్రిస్ స్టీవెన్స్‌తో సహా నలుగురు అమెరికన్లు చనిపోయిన ఆ దాడికి ముందు అక్కడ నిరసన ప్రదర్శన జరిగిందా లేదా అన్నది వివాదం. జరగలేదని లిబియా రాజధాని ట్రిపోలీలోని సీఐఏ స్టేషన్ చీఫ్, అంటే అక్కడి సీఐఏ బృందానికి అధిపతి, రాసి పంపారు. జరిగిందని ప్రధాన కార్యాలయంలోని విశ్లేషకులు అన్నారు. మోరెల్ విశ్లేషకుల మాటకే మొగ్గారు. చివరికి స్టేషన్ చీఫ్ చెప్పిందే నిజమని తేలింది. దీని వెనుక రాజకీయం ఉందా అని రెండు పార్టీలూ ఎంత కొట్టుకున్నా, నాకు మాత్రం అందులో 33 ఏళ్ల అలవాటే కనిపించింది. జీవితమంతా విశ్లేషకుల మధ్య గడిపిన మనిషి, చేతిలో రెండు కాగితాలుంటే వాళ్ల కాగితాన్నే ముందు నమ్ముతాడు.

2023 జులై 26న జరిగిన విచారణ మీకు గుర్తుండే ఉంటుంది. గ్రహాంతరవాసులంటూ మన ఛానళ్లు కూడా చూపించాయి. అందులో మాట్లాడిన డేవిడ్ గ్రష్ వైమానిక దళంలో నిఘా అధికారిగా పనిచేసి, నిఘా ఉపగ్రహాల సంస్థ తరఫున, ఆకాశంలో కనిపించే గుర్తుతెలియని వస్తువులను పరిశీలించే ప్రభుత్వ కార్యదళంలో కూర్చున్నారు. నాలుగేళ్లలో 40 మందికి పైగా వ్యక్తులను ప్రశ్నించానన్నారు. పదవి నిజం, ప్రశ్నించే అధికారమూ నిజం. కానీ ఆయన చెప్పిందంతా ఆ మనుషులు తనకు చెప్పినదే, ఆ సంగతి ఆయనే దాచకుండా ఒప్పుకున్నారు. పక్క కుర్చీలో డేవిడ్ ఫ్రేవర్ ఉన్నారు. ఆయన నిఘా అధికారి కానే కాదు, నౌకాదళ పైలట్. 2004లో కళ్లారా చూసిన ఒక్క సంఘటన గురించే మాట్లాడారు. హోదా సంగతి పక్కనపెడితే, సాక్ష్యంగా నేను ఫ్రేవర్ మాటకే ఎక్కువ విలువ ఇస్తాను.

బయటి నుంచి వచ్చేవారూ ఉంటారు. 2019 నవంబర్‌లో ట్రంప్ అభిశంసన విచారణలో మాట్లాడిన ఫియోనా హిల్ ఇంగ్లండ్ బొగ్గుగనుల ప్రాంతంలో గని కార్మికుడి కూతురు. హార్వర్డ్‌లో చరిత్రలో డాక్టరేట్ చేసి, 2006 నుంచి 2009 వరకు రష్యా వ్యవహారాలపై జాతీయ నిఘా అధికారిగా ఉన్నారు. అసలు వృత్తి పరిశోధన. ఆమె జవాబులు తరగతిలో పాఠం చెప్పినంత వివరంగా సాగడానికి కారణం అదేనని నా అనుమానం.

ఇక ప్రమాణం చేసి అబద్ధం చెప్పరా అంటే, చెప్పినవారు ఉన్నారు. రిచర్డ్ హెల్మ్స్ 1936లో హిట్లర్‌ను కలిసిన యువ విలేకరి, తర్వాత సీఐఏ డైరెక్టర్ అయ్యారు. ఆ పదవి వదిలిన కొద్ది రోజులకే, 1973లో, చిలీ ప్రభుత్వాన్ని కూల్చడానికి ప్రయత్నించారా అని సెనేటర్లు అడిగితే లేదన్నారు. 1977లో కోర్టు 2,000 డాలర్ల జరిమానా, రెండేళ్ల జైలు వేసి, జైలుశిక్షను నిలిపివేసింది. రిటైరైన సహోద్యోగులు చెత్తబుట్టలు తిప్పి ఆ జరిమానా సొమ్ము పోగుచేసి ఇచ్చారు! రహస్యం కాపాడతానన్న మాటనే ఆ వృత్తిలో పెద్ద ప్రమాణంగా చూస్తారని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

నా పనిలో తేలిన సంగతి ఇంకొకటి. ప్రతినిధుల సభలో ప్రైవేటు హోదాలో వచ్చే సాక్షి తన ఉద్యోగ వివరాలతో పాటు ఒక ఫారం ఇవ్వాలి: ప్రభుత్వ కాంట్రాక్టులు ఉన్నాయా, విదేశీ ప్రభుత్వాల నుంచి డబ్బు అందిందా అని. నేను మొదట తెరిచేది అదే. మాజీ అధికారుల్లో చాలామంది తర్వాత భద్రతా సలహా సంస్థల్లోనో రక్షణ కంపెనీల్లోనో తేలతారు. అది తప్పు కాదు, కానీ ముప్పు పెద్దదని చెబితే ఎవరి వ్యాపారం పెరుగుతుందో ఒకసారి చూసుకోవాలి. వీరి లిఖిత వాంగ్మూలాన్ని పాత సంస్థ ముందే చదివి అనుమతించాల్సి ఉంటుంది కూడా. ఒకసారి ఒక పెద్దమనిషి తన ప్రతిని మాకు చూపించారు. ఒక ఊరి పేరు కొట్టేసి ఉంది, పక్కన ఆయన చేతిరాతతో 'ఆ ప్రాంతం' అని దిద్ది ఉంది. వాక్యం అక్కడక్కడా మొద్దుగా ఉందంటే సాక్షికి మాటలు రాక అనుకోకండి.

మన దేశంలో ఇలా ఎందుకు లేదని కూడా అడిగారు. రా, ఐబీలపై పార్లమెంటు పర్యవేక్షణ కోసం 2011లో ఎంపీ మనీశ్ తివారీ ప్రైవేటు సభ్యుడి బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. పైగా 2021 మేలో పెన్షన్ నిబంధనలు మార్చి, రిటైరైన నిఘా అధికారులు తమ సంస్థ గురించి అనుమతి లేకుండా ఏదీ ప్రచురించకూడదన్నారు. ఇక మనకు మిగిలినవి రాత్రి తొమ్మిదింటి టీవీ చర్చలే. అక్కడ ప్రమాణమూ లేదు, ఎవరి దగ్గర డబ్బు తీసుకుంటున్నారో చెప్పే ఫారమూ లేదు.